ఓడిపోయిన గేమ్స్‌ని ఎలా చూసుకోవాలి? ఇంజిన్ తప్పులు చూపిస్తున్నా నా ఆట మారడం లేదు

ఈ4_బంటు:

అందరికీ నమస్కారం. నేను ఆన్‌లైన్‌లో చెస్ ఆడతాను, 15+10 ర్యాపిడ్ (ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకీ 10 సెకన్లు కలుస్తాయి). లిచెస్ అనే చెస్ సైట్‌లో రేటింగ్ చాలా కాలంగా 1400 దగ్గరే తిరుగుతోంది, ఒక్కోసారి 1450 దాటుతుంది, మళ్లీ వరసగా ఓడిపోయి ఉన్నచోటికే వస్తుంది. ఎవరిని అడిగినా ఒకటే మాట, ఓడిన గేమ్స్ అనలైజ్ చేసుకో అని. చేస్తూనే ఉన్నాను. గేమ్ అయిపోగానే కంప్యూటర్ అనాలిసిస్ నొక్కుతాను, ఇంజిన్, అంటే చెస్ ప్రోగ్రామ్, గేమంతా లెక్కగడుతుంది, గ్రాఫ్ ఎక్కడ నిట్టనిలువుగా పడిందో అక్కడికి వెళ్తాను, బ్లండర్ (పెద్ద తప్పు) అని ఎర్రగా చూపించిన ఎత్తు చూస్తాను, దాని బదులు ఏది ఆడాలో బాణం గుర్తు చూపిస్తుంది, అవును కదా ఇక్కడ గుర్రం ఊరికే పోతోంది కదా అనుకుంటాను, ఇంకో గేమ్ మొదలుపెడతాను. తర్వాతి గేమ్‌లో గుర్రం బదులు బిషప్ పోతుంది, అంతే తేడా.

ఇంకో రకం ఓటములు ఉన్నాయి, వాటితో మరీ చిరాకు. పెద్ద బ్లండర్ ఏదీ కనపడదు. 14వ ఎత్తులో ఏ-ఫైల్ (నిలువు వరస) బంటు జరపడం తప్పు, హెచ్-ఫైల్ బంటు జరపాల్సింది, +0.4 ఉన్నది -0.9 అయింది, అంటే నాకు కొంచెం మేలుగా ఉన్న ఆట అవతలివాళ్లకి మేలైంది అంటుంది ఇంజిన్. ఎందుకో ఎంతసేపు చూసినా నాకు అర్థం కాదు. అది చూపించే లైన్ చాలా దూరం వెళ్తుంది, దాని చివరికి వెళ్లి చూసినా బోర్డు మీద ఏం తేడా వచ్చిందో నాకు తెలియదు. అలా మెల్లగా నలిగి నలిగి ఓడిపోతాను.

అసలు అనాలిసిస్ అంటే ఏం చేయాలి? ఇంజిన్ పెట్టాలా, పెట్టకూడదా? ఓడిన ప్రతి గేమూ చూడాలా, కొన్ని చాలా? తప్పు దొరికాక దాన్ని ఏం చేయాలి, రాసుకోవాలా, గుర్తుపెట్టుకోవాలా? ఇదివరకు నాలాగే ఇక్కడే ఇరుక్కుని బయటపడ్డవాళ్లు ఉంటే కొంచెం వివరంగా చెప్పండి. పజిల్స్ కూడా చేస్తాను, పజిల్ రేటింగ్ బాగానే ఉంది, గేమ్‌లోకి వచ్చేసరికి అవేవీ కనపడవు.

చివరి_వరస:

మీరు చేస్తున్నది ఇంజిన్ అనాలిసిస్, మీ అనాలిసిస్ ఇంకా మొదలుకాలేదు. ఆ ఎత్తు తప్పు అని ఇంజిన్ చెబుతుంది, నిజమే, కానీ ఆ ఎత్తు వేసేటప్పుడు మీ బుర్రలో ఏం నడుస్తోందో దానికి తెలియదు. ఆ సంగతి మీకు ఒక్కరికే తెలుసు, అదీ గేమ్ అయిన కాసేపటిదాకానే, రేపటికి సగం మర్చిపోతారు. అందుకే గేమ్ అయిపోగానే ఇంజిన్ ఆఫ్ చేసి మొదటి నుంచి ఎత్తులు ఒక్కొక్కటే జరుపుకుంటూ వెళ్లండి. ఎక్కడ ఆలోచించారో, ఏ ఎత్తుల మధ్య ఊగిసలాడారో, దేనికి భయపడ్డారో, అవతలివాళ్లు ఏం ఆడతారని అనుకున్నారో చిన్న చిన్న ముక్కల్లో రాసుకోండి. లిచెస్‌లో ఆ గేమ్‌ని స్టడీలో పెట్టుకుంటే ప్రతి ఎత్తు పక్కనా కామెంట్ రాయొచ్చు. మామూలు నోట్‌బుక్ అయినా సరిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా గుర్తు పెట్టాల్సినవి మీరు ఉలిక్కిపడ్డ చోట్లు. అవతలి ఎత్తు చూసి 'అరె, ఇది చూడలేదే' అనుకున్న ప్రతిచోటా ఒక గీత గీయండి, ఆ ఎత్తు మంచిదైనా కాకపోయినా సరే. వేసింది చెత్త ఎత్తే అయినా అది మీ లెక్కలోకి రాలేదంటే ఆ దిక్కుకి మీరు చూడనే లేదని అర్థం. ఈసారి చెత్త ఎత్తు కాబట్టి బతికిపోయారు, ఇంజిన్ కూడా దాని గురించి ఒక్క మాట అనదు.

ఒక ఉదాహరణ చెబుతాను, మీ రేటింగ్‌లో ఇది రోజూ కనపడుతుంది. ఇటాలియన్ ఓపెనింగ్, నల్లవాటితో మీరు రెండు గుర్రాలూ బయటికి తెచ్చారు. తెల్ల గుర్రం జీ5కి దూకింది, మీరు డీ5కి బంటు తోశారు, ఈ4 బంటు దాన్ని తీసుకుంది, మీ గుర్రం ఆ బంటుని తిరిగి తీసుకుంది. వెంటనే తెల్ల గుర్రం ఎఫ్7 మీద పడింది. మంత్రీ ఏనుగూ రెండూ దెబ్బలో ఉన్నాయి కాబట్టి రాజుతో దాన్ని తీసుకోక తప్పదు, మంత్రి ఎఫ్3కి వచ్చి చెక్ ఇస్తుంది, డీ5లో ఉన్న గుర్రాన్ని కాపాడుకోవాలంటే మీ రాజు ఈ6కి, అంటే బోర్డు మధ్యలోకి నడవాలి. దీన్ని ఫ్రైడ్ లివర్ అటాక్ అంటారు. ఇంజిన్‌ని అడిగితే, గుర్రంతో బంటు తిరిగి తీసుకోవడం తప్పు, ఇంకో గుర్రాన్ని ఏ5కి జరిపి బిషప్‌ని తరమాలి అంటుంది. మీ పద్ధతిలో అయితే 'సరే, ఇక నుంచి గుర్రం ఏ5' అనుకుని మూసేస్తారు. అది ఆ ఒక్క ఓపెనింగ్‌కే పనికొస్తుంది. ఇప్పుడు మీరు రాసుకున్న నోట్ చూడండి, 'బంటు పోయింది, తిరిగి తీసుకోవాలి' అని మాత్రమే ఉంటుంది, వేరే ఎత్తు పేరే ఉండదు. అంటే ఎవరైనా ఏదైనా తీసుకుంటే వెంటనే తిరిగి తీసుకోవడం మీకు అలవాటు, ఆ క్షణంలో ఆలోచన ఆగిపోతోంది. ఈ అలవాటు ఓపెనింగ్‌లో ఉంటుంది, మిడిల్ గేమ్‌లో ఉంటుంది, ఎండ్‌గేమ్‌లో కూడా ఉంటుంది. గుర్రం పోయినా బిషప్ పోయినా కారణం అదే కావచ్చు. ఓడిన గేమ్‌లో మీరు వెతకాల్సింది దాన్ని.

రెండో సంగతి, గ్రాఫ్ పడినచోటే గేమ్ పోయిందని అనుకోకండి. కోట కట్టుకున్న వైపు జీ-బంటుని ముందుకి తోశారనుకోండి, హెచ్4లో ఉన్న బిషప్‌ని తరమడానికి. ఇంజిన్ దాన్ని చిన్న తప్పు అంటుంది. ఆ తర్వాత చాలా ఎత్తుల పాటు మీరు హెచ్-ఫైల్ కాపాడుకుంటూ, మంత్రిని రాజు పక్కనే కట్టేసుకుని ఆడతారు, ప్రతి ఎత్తూ కచ్చితంగా సరైనదే వెయ్యాల్సిన పరిస్థితి, చివరికి ఒకసారి తప్పి మేట్ అవుతుంది. గ్రాఫ్ అక్కడ పడుతుంది, ఎర్ర గుర్తు అక్కడ వస్తుంది. కానీ ఎంతటివాళ్లకైనా అంతసేపు ఊపిరి బిగబట్టి ఆడితే చెయ్యి జారుతుంది. అందుకే బ్లండర్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి, ఒక్కో ఎత్తు దగ్గరా ఇక్కడ నా పావులు హాయిగా ఉన్నాయా అని అడుగుతూ రండి. చివరిసారి హాయిగా ఉన్నచోటు దొరికితే, దాని తర్వాతి ఎత్తే మీ అసలు గేమ్.

ఇదంతా అయ్యాక ఇంజిన్ ఆన్ చేయండి. మూడు లైన్లు చూపించేలా పెట్టుకోండి. మూడు ఎత్తులకీ స్కోరు దాదాపు ఒకటే ఉంటే అక్కడ ఏది ఆడినా పర్లేదన్నమాట, దాటి వెళ్లండి. ఒకటి బాగుండి మిగతా రెండూ కుప్పకూలుతుంటే అక్కడ ఆగాలి. మీ ఎత్తు ఎందుకు తప్పో అర్థం కాకపోతే ఇంజిన్ చెప్పిన మంచి ఎత్తుని చూస్తూ కూర్చోకండి, మీ ఎత్తునే బోర్డు మీద వేసి దానికి అది ఏం జవాబిస్తుందో చూడండి, దానికి మీకు తోచింది మళ్లీ వేయండి. చాలావరకు కొన్ని ఎత్తుల్లోనే సంగతి బయటపడుతుంది. అప్పటికీ బయటపడకపోతే వదిలేయండి. మీరు చెప్పిన +0.4 నుంచి -0.9 అలాంటిదే, మన స్థాయిలో గేమ్‌ని తేల్చేది అది కాదు.

పాత ప్రపంచ చాంపియన్ బోత్విన్నిక్ పేరు వినే ఉంటారు. ఆటగాడు తన గేమ్స్‌ని తనే విశ్లేషించి, అది నలుగురికీ కనపడేలా ప్రచురించాలని, అప్పుడే తనని తాను మోసం చేసుకోకుండా ఉంటాడని ఆయన గట్టిగా చెప్పేవాడు. 1960లో తాల్ చేతిలో 12.5–8.5 తేడాతో ప్రపంచ టైటిల్ పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది రీమ్యాచ్‌లో అదే తాల్‌ని 13–8తో ఓడించాడు, అప్పటికి ఆయనకి 50 ఏళ్లు రాబోతున్నాయి. అంతకుముందు 1957లో స్మిస్లోవ్‌కి ఓడి 1958లో టైటిల్ తిరిగి తెచ్చుకున్నదీ ఆయనే. ఓడిన మ్యాచ్‌ని ముందు పెట్టుకుని కూర్చోవడం ఎంత పని చేస్తుందో చూపించడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

మొదట_చెక్_చూడు:

పైన చెప్పినదాంట్లో తప్పేం లేదు కానీ 1400కి అది కొంచెం ఎక్కువ బరువు అని నా అభిప్రాయం. ఈ రేటింగ్‌లో మెజారిటీ గేమ్స్ ఎలా పోతాయి? కాపలా లేని పావు ఒకటి పోతుంది, లేదా రెండు ఎత్తుల టాక్టిక్ ఏదో, ఫోర్కో (ఒకే పావు రెండింటిమీద పడటం) పిన్నో (వెనక ఉన్నదాని వల్ల పావు కదల్లేకపోవడం), కనపడదు. దానికి నోట్స్, స్టడీ, కామెంట్లు పెట్టుకుని ఒక్కో గేమ్‌కి గంట కూర్చుంటే ఎవరికైనా నీరసం వస్తుంది, వారం తిరక్కముందే మానేస్తారు.

నేనైతే ఇలా చెబుతాను. కంప్యూటర్ అనాలిసిస్ అయ్యాక లిచెస్‌లో 'లెర్న్ ఫ్రమ్ యువర్ మిస్టేక్స్' అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే మీరు తప్పు చేసిన ప్రతి పొజిషన్ దగ్గరా ఆగి, జవాబు చూపించకుండా, ఇంకా మంచి ఎత్తు వెతకమంటుంది. మీకు బాణం గుర్తు చూసే అలవాటు ఉంది కాబట్టి ఇది తప్పకుండా వాడండి. అక్కడ తేలిగ్గా దొరికిందంటే మీకు టాక్టిక్ వచ్చు, గేమ్‌లో చూడలేదంతే. దొరకలేదంటే నిజంగా రాదన్నమాట, అలాంటి పజిల్స్ ఎక్కువ చేయాలి. ఈ రెండూ వేరు వేరు జబ్బులు, రెండింటికీ ఒకటే మందు వేస్తే తగ్గదు.

పజిల్స్ కనపడి గేమ్‌లో కనపడకపోవడానికి కారణం కూడా పెద్ద రహస్యమేం కాదు. పజిల్ అంటేనే ఇక్కడ ఏదో ఉంది అని ముందే చెప్పినట్టు. గేమ్‌లో ఎవరూ చెప్పరు. పైగా పజిల్స్‌లో ఎప్పుడూ మన దెబ్బే వెతుకుతాం, అవతలివాళ్ల దెబ్బ వెతికే అలవాటు వాటితో రాదు. అందుకని ఎత్తు వేసే ముందు, ఇది వేశాక అవతలివాళ్లు ఇవ్వగలిగిన చెక్‌లు ఏంటి, తీసుకోగలిగిన పావులు ఏంటి, దేన్ని బెదిరించగలరు అని చూడండి, ప్రతి ఎత్తుకీ. ఓడిన గేమ్ చూసేటప్పుడు ఆ ఎత్తు దగ్గర ఈ మూడూ చూశానా లేదా అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు.

ఇంకొకటి, గెలిచిన గేమ్స్ కూడా చూడండి. అవతలివాళ్లు మీ పావుని తీసుకోకుండా వదిలేసిన గేమ్స్ మీ గెలుపుల్లో చాలానే ఉంటాయి.

గడియారం:

ఇద్దరూ చెప్పనిది ఒకటుంది, టైమ్. లిచెస్ అనాలిసిస్‌లో ఒక్కో ఎత్తుకి ఎంతసేపు తీసుకున్నారో గ్రాఫ్ వస్తుంది. బ్లండర్ వేసిన ఎత్తు దగ్గర అది చూడండి. 15+10 అంటే 40 ఎత్తుల గేమ్‌కి మీ చేతిలో మొత్తం 21 నిమిషాల 40 సెకన్లు ఉన్నట్టు, సగటున ఎత్తుకి అర నిమిషం పైనే. గడియారంలో ఇంకా 9 నిమిషాలు ఉండగా 3 సెకన్లలో వేసిన ఎత్తుతో గేమ్ పోయిందంటే, దానికి ఏ ఓపెనింగ్ చదివినా ఏ పజిల్ చేసినా లాభం లేదు. చెయ్యి కంటే కన్ను ముందు వెళ్లాలి, అంతే. అదే, 20 సెకన్లు మిగిలి ఉండగా బ్లండర్ పడిందంటే తప్పు ఆ ఎత్తులో లేదు, అంతకుముందు ఎక్కడో నాలుగు నిమిషాలు ఖర్చు పెట్టిన ఎత్తులో ఉంది. అక్కడికి వెళ్లి చూడండి. ఎక్కువసార్లు ఆ నాలుగు నిమిషాలూ రెండు ఎత్తుల మధ్య అటూ ఇటూ తిరగడంలోనే పోయి ఉంటాయి, రెండిట్లో ఏది ఆడినా ఒకటే అయ్యుంటుంది కూడా. అలాంటిచోట త్వరగా ఒకటి ఎంచుకోవడం నేర్చుకుంటే చివర్లో ఆలోచించుకోవడానికి టైమ్ మిగులుతుంది.

తీసుకున్న పావుని తిరిగి తీసుకోవడం గురించి చివరి_వరస గారు చెప్పారు కదా, మీ టైమ్ గ్రాఫ్‌లో ఆ ఎత్తులన్నీ ఒకటి రెండు సెకన్లలో పడి ఉంటాయి, కావాలంటే చూసుకోండి.

ఎదురెదురుగా కూర్చుని ఆడే టోర్నమెంట్లకి వెళ్తే ఈ గ్రాఫ్ మీరే తయారు చేసుకోవాలి. స్కోర్‌షీట్ మీద ఎత్తుల పక్కన గడియారం టైమ్ రాసుకోవడానికి ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రూల్స్ ఒప్పుకుంటాయి. ఎత్తులు, టైమ్, డ్రా అడిగిన గుర్తు లాంటివి రాయొచ్చు, ఆలోచనలు మాత్రం రాయకూడదు, అది ఆట మధ్యలో నోట్స్ పెట్టుకున్నట్టు అవుతుంది. ఎత్తుకి కనీసం 30 సెకన్లు కలవని గేమ్ అయితే, మీ గడియారంలో 5 నిమిషాల కంటే తగ్గినప్పుడు ఎత్తులు రాయడం తప్పనిసరి కాదు, కాబట్టి చివరి భాగం కాగితం మీద ఉండదు. గేమ్ అవ్వగానే అవతలివాళ్లతో కూర్చుని ఆ ఎత్తులు గుర్తు చేసుకుని రాసేసుకోండి. అలా కూర్చున్నప్పుడే ఇంకో రెండు మాటలు అడగండి, మీకు ఎక్కడ భయం వేసింది, నేను ఏం ఆడతానని అనుకున్నారు అని. ఇంజిన్ ఎప్పటికీ చెప్పలేని జవాబులు అవి. ఓడిన బాధలో లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది, కానీ ఆ పది నిమిషాలు కూర్చోండి.

ఈ4_బంటు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. నిన్న ఓడిన ఒక గేమ్‌ని ఇంజిన్ లేకుండా చూసి నోట్స్ రాశాను. మిడిల్ గేమ్‌లో ఒక బంటు పోయింది, అక్కడి నుంచి కాపాడుకుంటూ వచ్చాను, చివరికి ఏనుగుల ఎండ్‌గేమ్ అయింది. నావి నల్లవి. అతని రాజు ఈ5లో, బంటు ఈ4లో, ఏనుగు బీ7లో. నా రాజు డీ8లో, ఏనుగు సీ6లో. ఎత్తు నాది. నేను ఏనుగుని సీ7కి తెచ్చి మార్పిడికి ఇచ్చాను. అతను తీసుకున్నాడు, నేను రాజుతో తిరిగి తీసుకున్నాను, అతని రాజు ఈ6కి వచ్చింది, ఇక బంటుని ఆపలేకపోయాను.

ఆ ఎత్తు దగ్గర నా నోట్ ఇది: 'ఏనుగులు పోతే అతని దగ్గర ఒక్క బంటే ఉంటుంది, రాజుతో ఎదురు నిలబడితే డ్రా.' ఎదురు రాజు పద్ధతి, అంటే రాజులు ఒక గడి ఎడంతో ఎదురెదురుగా నిలబడటం, నాకు తెలుసు కూడా. టైమ్ చూశాను, ఆ ఎత్తుకి 5 సెకన్లు తీసుకున్నాను, గడియారంలో ఇంకా 4 నిమిషాలు ఉన్నాయి. సీ7 బ్లండర్ అని ఇంజిన్ అంటోంది, సరే, కానీ అంతకుముందు మాత్రం నేను ఏం చేయగలిగేవాణ్ణి? బంటు తక్కువ కదా, ఎలాగూ ఓడేదే అనిపిస్తోంది.

చివరి_వరస:

ఓడేది కాదు, అది డ్రా. అనాలిసిస్ బోర్డులో ఆ పొజిషన్ పెట్టి చూడండి. రాజులతో కలిపి ఏడు, లేదా అంతకంటే తక్కువ పావులు మిగిలితే లిచెస్‌లో టేబుల్‌బేస్ తెరుచుకుంటుంది, అది ఇంజిన్ అంచనా కాదు, చివరి దాకా లెక్క కట్టేసిన జవాబు. మీ దాంట్లో మొత్తం ఐదే పావులున్నాయి. ఏ ఎత్తు వేస్తే డ్రా, ఏది వేస్తే ఓటమి అన్నది కచ్చితంగా చూపిస్తుంది.

ముందు మార్పిడి సంగతి చూద్దాం. ఈ4లో బంటు ఉంటే తెల్ల రాజు డీ6, ఈ6, ఎఫ్6 ఈ మూడు గడుల్లో దేంట్లోకి చేరినా గెలుపే, ఎత్తు ఎవరిదైనా సరే. వీటిని కీ స్క్వేర్స్ అంటారు. మీ రాజు సీ7లో ఏనుగుని తీసుకోగానే ఎత్తు అతనిది, అతని రాజు ఈ5 నుంచి ఒక్క అడుగులో ఈ6లో ఉంది. మీకు తెలిసిన ఎదురు రాజు పద్ధతి నిజమే, కానీ అది సరైన గడిలో ఉండి, ఎత్తు సరైనవాళ్లది అయితేనే పని చేస్తుంది. మీ రాజు ఈ7లో ఉండి, అతని రాజు ఈ5లో ఉండి, ఎత్తు అతనిది అయితే డ్రా. అదే పొజిషన్‌లో ఎత్తు మీదైతే ఓటమి. బంట్ల ఎండ్‌గేమ్‌లో ఒక్క ఎత్తు తేడాకి ఇంత విలువ ఉంటుంది కాబట్టే మార్పిడికి ముందు లెక్క పూర్తిగా చూసుకోవాలి.

మరి ఏం ఆడాలి? మీ ఏనుగు అప్పటికే ఉండాల్సిన చోటే ఉంది! ఆరో వరసలో మీ ఏనుగు ఉన్నంతసేపు అతని రాజు ముందుకి రాలేదు. రాజుని ఈ8కి తెచ్చుకుని, ఏనుగుని ఆ వరస మీదే ఏ6కో హెచ్6కో జరుపుకుంటూ ఉండాలి. అతనికి దారి కావాలంటే బంటుని తోయాలి, ఈ5కి, తర్వాత ఈ6కి. బంటు ఈ6లో అడుగు పెట్టగానే మీ ఏనుగు కిందికి, మొదటి వరసకి దిగిపోయి వెనక నుంచి చెక్‌లు మొదలుపెడుతుంది. ఇప్పుడు ఆరో వరసలో బంటు ఉంది కాబట్టి అతని రాజుకి దాక్కునే చోటు లేదు. దీన్ని ఫిలిడార్ పొజిషన్ అంటారు, 18వ శతాబ్దంలోనే ఫిలిడార్ చూపించాడు. మీకు తెలియకుండానే సగం సరిగ్గా ఆడారు, ఏనుగు ఆరో వరసలోకి ఎలాగో వచ్చింది, అక్కడ ఎందుకు ఉండాలో తెలియక తీసేశారు.

ఇంజిన్ 'సీ7 బ్లండర్' అంది, ఆ మాటకి అర్థం ఇంత ఉంది. దానికంటే విలువైనది మీ నోట్. పావులు తక్కువైతే డ్రా చేయడం తేలిక అన్న నమ్మకం మీలో ఉంది. బంట్లు మారితే అది చాలావరకు నిజం, బంటు తక్కువగా ఉన్నవాళ్లు బంట్లు మార్చుకోవాలి. పెద్ద పావులు మారితే ఎక్కువగా తలకిందులు, ముఖ్యంగా ఏనుగులు. ఏనుగుల ఎండ్‌గేమ్‌లో ఒక బంటు తక్కువైనా నిలబడటానికి చాలా దారులుంటాయి. మీ పాత గేమ్స్ తిరగేసి చూడండి, కష్టంలో ఉన్నప్పుడు మార్పిడికి తొందరపడటం ఇంకా దొరుకుతుందని నా అనుమానం.

2024 ప్రపంచ చాంపియన్‌షిప్ ఆఖరి గేమ్ గుర్తుందా? సింగపూర్‌లో 14వ గేమ్, డిసెంబర్ 12. అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్‌కి ఒక బంటు తక్కువ, కానీ ఏనుగూ బిషపూ రెండు వైపులా ఉన్నాయి, అందరూ డ్రా అనే అనుకుంటున్నారు. 55వ ఎత్తులో ఏనుగుని ఎఫ్2కి తెచ్చాడు, మార్పిడికి. గుకేష్ ఏనుగులు మార్చేసి బిషప్‌ని డీ5లో పెట్టాడు, మూలన ఏ8లో ఉన్న డింగ్ బిషప్ తప్పించుకోలేక అదీ మారిపోయింది, మిగిలింది గెలిచిపోయే బంట్ల ఎండ్‌గేమ్. మూడు ఎత్తుల్లో ఆట ముగిసింది, టైటిల్ చేతులు మారింది. అలసిపోయిన సమయంలో మార్పిడి ఎంత ప్రమాదమో ఆ పొజిషన్ బోర్డు మీద పెట్టుకుని చూస్తే తెలుస్తుంది, మీ గేమ్ పక్కనే దాన్ని కూడా స్టడీలో పెట్టుకోండి.

ఇప్పుడు చేయాల్సిన పని. మీ పొజిషన్‌ని సీ7కి ముందు ఎలా ఉందో అలా పెట్టి, నల్లవైపు మీరు తీసుకుని ఇంజిన్‌తో ఆడండి. డ్రా చేసేదాకా ఆడండి, కొన్ని రోజులు ఆగి మళ్లీ ఆడండి. చదివిన ఎండ్‌గేమ్ మర్చిపోతాం, సొంతంగా పోగొట్టుకున్న పొజిషన్‌ని వెనక్కి గుంజుకుంటే అది ఉండిపోతుంది.

మొదట_చెక్_చూడు:

ఇది చూశాక నేను ముందు రాసినదాంట్లో కొంత మార్చుకుంటున్నాను. రెండు ఎత్తుల టాక్టిక్‌కి నోట్స్ అక్కర్లేదనే ఇప్పటికీ అంటాను, కానీ ఇలాంటి నమ్మకాలు బటన్ నొక్కితే బయటికి రావు, రాసుకుంటేనే వస్తాయి. కాబట్టి ఓడిన గేమ్స్ అన్నిటికీ బటన్, వాటిలో బాగా పోరాడి ఓడినదాన్ని వారానికి ఒకటో రెండో తీసుకుని ఇలా పూర్తిగా. బ్లిట్జ్ (కొద్ది నిమిషాల్లో అయిపోయే) గేమ్స్‌కి ఇదంతా పెట్టుకోకండి, అక్కడ మీరు అసలు ఏం ఆలోచించారో మీకే గుర్తుండదు.

నిదానం:

ఆలస్యంగా వచ్చాను, ఒక్క విషయం కలుపుతాను. గేమ్ అవ్వగానే నోట్స్ రాయమన్నారు కదా, అది మాత్రం ఓడిన కోపంలో ఉన్నా సరే రాసేయండి, ఐదు నిమిషాల పని, ఆ కోపం కూడా రాయండి. 'ఇతను నాకంటే తక్కువ రేటింగ్, ఎలా ఓడిపోతాను' అనుకుని తొందరపడి ఉంటే అదీ ఒక కారణమే. ఇంజిన్ మాత్రం మర్నాడు పెట్టుకోండి. వేడి మీద ఇంజిన్ పెడితే మనకి కావాల్సిన జవాబే వెతుకుతాం, అంతా బాగానే ఆడాను, ఒక్క ఎత్తు దగ్గరే పోయింది అని సర్దిచెప్పుకుంటాం. మర్నాడు చూస్తే ఆ ఒక్క ఎత్తుకి ముందున్న నాలుగైదు కూడా కనపడతాయి. ఈలోగా వెంటనే ఇంకో గేమ్ మొదలుపెట్టకండి, వరసగా ఓడిపోయి ఉన్నచోటికే వస్తుంది అన్నారు చూడండి, అది ఎక్కువగా అక్కడే జరుగుతుంది. మీ గేమ్స్ లిస్ట్‌లో ఓడిన గేమ్‌కీ దాని తర్వాతి గేమ్‌కీ మధ్య ఎంత గ్యాప్ ఉందో ఒకసారి చూసి చెప్పండి.

ఈ4_బంటు:

చూశాను. వరసగా ఓడిన రోజుల్లో ఎక్కడా నిమిషం గ్యాప్ కూడా లేదు. నేను దీన్ని ఆట సమస్య అనుకున్నాను, సగం ఇక్కడే ఉన్నట్టుంది.

ఆ ఏనుగుల పొజిషన్‌ని ఇంజిన్‌తో ఆడాను, మొదట్లో మళ్లీ ఓడాను, బంటు ఈ6కి రాకముందే తొందరపడి ఏనుగుని కిందికి దించేశాను. తర్వాత డ్రా అయింది. చివరి_వరస గారూ, బంటు ఈ5లో ఉండగా అతని రాజు డీ5కి పక్కకి వచ్చి నా ఏనుగు మీద పడితే అప్పుడు కూడా ఆరో వరస వదలకూడదు కదా?

చివరి_వరస:

వదలకూడదు. ఏ6కో జీ6కో, అతని రాజుకి దూరంగా, కానీ అదే వరసలో. బంటు ఈ6కి వచ్చాకే దిగాలి.